ఆండాలక్క కాలమ్‌లో సున్నా

మా లైబ్రరీ హాజరు పట్టీలో ఆండాలక్క పేరు పక్కన ‘స్వీపర్’ అని ఉంటుంది. ఆ మాట చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఊడవడం తక్కువ పనని కాదు. ఆమె రోజంతా చేసే పనిలో ఊడ్చేది పొద్దున అరగంట. మిగతా పొద్దంతా ఏం చేస్తుందో ఆ పట్టీ రాసినవాళ్లకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. అందుకే ఇది రాస్తున్నాను. కోపంలో రాసిన రాత కుదురుగా ఉండదంటారు. ఉండకపోతే పోనీ.

ముందు నా సంగతి చెప్పాలి. నా పేరు సింధూజ. మాది గరిడేపల్లి. మా నాన్న ప్రభాకర్‌కు వరి పొలాలున్నాయి, ఊళ్లో ఆయన మాట చెల్లుతుంది. సూర్యాపేటలో డిగ్రీ చదివాను, ఆ తర్వాత లైబ్రరీ సైన్సులో పీజీ చేసి యూనివర్సిటీకి ఫస్టు వచ్చాను. పరీక్ష రాసి లైబ్రేరియన్ ఉద్యోగం తెచ్చుకుని కోదాడలో చేరాను. రెండేళ్లు ప్రొబేషన్. అంటే ఆ రెండేళ్లూ పై అధికారి తృప్తి పడితేనే ఉద్యోగం పక్కా అవుతుంది. ముక్కు మీద కోపం మాత్రం నాకు పుట్టుకతోనే పక్కా అయింది.

లైబ్రరీలో మేం ముగ్గురమే. నాదొక్కటే పర్మనెంటు పోస్టు. నరేష్ కంప్యూటర్ పని చూస్తాడు. ఆండాలక్క ‘స్వీపర్’. వాళ్లిద్దరూ ఔట్‌సోర్సింగ్. ఏడాదికోసారి ఏజెన్సీ పంపే లిస్టులో పేరుంటే ఉద్యోగం ఉన్నట్టు, లేకపోతే మరునాటి నుంచి రావద్దన్నట్టు.

ఆండాలక్కది తుంగతుర్తి దిక్కు. గొర్లు కాసే కుటుంబం. ఏడో తరగతి అయ్యాక బడి మాన్పించారు. మహేశ్వర్‌కిచ్చి పెళ్లి చేశారు. వరికోతలయ్యాక కాలువ కింది పొలాల్లో మేత దొరుకుతుందని ఆయన ఏటా మందను త్రిపురారం వైపు తోలుకుపోయేవాడు. తిరిగి తిరిగి విసిగిపోయి, మిర్యాలగూడలో ఒక గది కిరాయికి తీసుకుని అక్కడే ఆగిపోయారు. ఆండాలక్క అక్కడి లైబ్రరీలో ఊడ్చే పనికి కుదిరింది. అప్పటికి కూతురు గోపిక చంకలో పిల్ల.

అక్కడి లైబ్రేరియన్ సాంసన్ సారు. టేబుళ్ల మీద జనం వదిలేసి పోయిన పుస్తకాలను ఈమె ఊడుస్తూ ఊడుస్తూనే తీసి, ఎక్కడివక్కడ పెట్టేయడం ఆయన ఒకరోజు గమనించాడు. ఇంగ్లిష్ పుస్తకాలను కూడా!

“ఇంగ్లిష్ చదవడం వచ్చా?” అని అడిగాడట.

“రాదు సార్. ఏది ఏ సందులకెళ్లి వచ్చిందో యాదికుంటది. మందల ఒక గొర్రె తక్కువుంటే లెక్కవెట్టకుండనే తెల్వదా? గట్లనే,” అందట ఈమె.

ఆ రోజు నుంచి సాంసన్ సారు ఆమెకు పని నేర్పాడు. పుస్తకం వీపు మీది నంబరు ఎలా చదవాలో, చిరిగిన పేజీకి మైదా జిగురు ఎంత పలచగా రాయాలో, అడగడానికి సిగ్గుపడే పాఠకుడితో ఎలా మాట కలపాలో అన్నీ చెప్పాడు. ఆయనకు రెండు పట్టింపులుండేవి. కొత్తగా వచ్చినవాళ్లను మొదటి నెల కౌంటర్లో కూర్చోబెట్టకూడదు, టేబుళ్ల దగ్గర తిప్పాలి. ఎవరైనా తప్పు చేస్తే పక్కన పనిచేసేవాళ్లే చెప్పాలి, అదీ నలుగురి ముందు కాదు. ఆయన రిటైరయ్యాక, ఇంకా జిల్లాలు విడిపోకముందే, ఆండాలక్క కోదాడకు మారింది. ఇక్కడ నాకంటే ముందు ముగ్గురు లైబ్రేరియన్లకు పని నేర్పింది. నేను నాలుగోదాన్ని, అందరికంటే మొండిదాన్ని.

చేరిన రెండో వారం నేను వెలగబెట్టిన ఘనకార్యం వినండి. మా దగ్గరికి వచ్చేవాళ్లలో పదికి తొమ్మిది మంది ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లే. పొద్దున్నే వచ్చి కుర్చీలో బ్యాగు పెట్టి జాగా ఆపుకుంటారు. వాళ్ల కోసం ఆండాలక్క పుస్తకాల రాకులను పరీక్షల వారీగా సర్దింది. కానిస్టేబుల్ ఒక రాకు, గ్రూప్-4 ఒక రాకు, టీచర్ పరీక్షకు ఒకటి. అది చూసి నాకు చిర్రెత్తింది. పుస్తకాన్ని విషయాన్ని బట్టి వర్గీకరించాలని కదా నేను అంత చదువు చదివింది! లెక్కలు లెక్కల్లో ఉండాలి, చరిత్ర చరిత్రలో ఉండాలి. శుక్రవారం మాకు సెలవు. ఆ రోజు నరేష్‌ను పిలిపించి మొత్తం మార్చి పారేశాను.

సెలవైనా ఆండాలక్క కూడా వచ్చింది. “మేడం, ముందుగాల ఒక్క రాకు మార్చి సూద్దాం. అన్నీ ఒక్కపారే ఎందుకు?” అంది.

“నీకు తెలీదులే ఆండాలూ,” అన్నాను. మా అమ్మ వయసు మనిషిని పట్టుకుని పేరుతో, ఆ గొంతుతో. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

శనివారం పొద్దున తలుపు తీయగానే గోల. “మేడం గారూ, గ్రూప్-4 రాకు ఎటెళ్లిందండీ?” “ఎగ్జామ్ పది రోజులే ఉంది మేడం, పుస్తకం దొరకట్లేదు!” నేను తగ్గితే కదా. నంబరు చూసి వెతుక్కోలేరా, చదువుకున్నవాళ్లు కారా అని వాళ్ల మీదే ఒంటికాలిపై లేచాను. ఇద్దరు బ్యాగులు సర్దుకుని వెళ్లిపోయారు. ఆండాలక్క మధ్యాహ్నం హాలు పలచబడ్డాక నా దగ్గరికి వచ్చింది.

“మేడం, జర కౌంటర్ అవతలికి రాండ్రి.”

వెళ్లాను. ఆమె గొంతు తగ్గించింది. “ఇప్పుడు నువ్వు లైబ్రేరియన్ గావు. కానిస్టేబుల్ పరీక్ష రాసే పిల్లవు. నీకు లెక్కల బుక్కు, రాజ్యాంగం బుక్కు, తెలంగాణ చరిత్ర బుక్కు, మూడు గావాలె. ఎతుకు.”

హాలు ఈ మూల నుంచి ఆ మూలకు తిరిగాను. నేను సర్దిన రాకుల్లో నేనే మూడు పుస్తకాలు తీసుకునేసరికి పదకొండు నిమిషాలు పట్టింది. చెమటలు పట్టాయి.

“నువ్వు మంచిగనే వెట్టినవ్ బిడ్డా. కాకపోతే నీకోసం వెట్టుకున్నవ్,” అంది.

వాతపెట్టినట్టు తగిలింది. తర్వాతి మూడు రోజులు ముగ్గురం కలిసి మళ్లీ సర్దాం. పరీక్షల వారీగా రాకులు ఆమె లెక్కన, ఒక్కో రాకు లోపల విషయాల వరుస నా లెక్కన. “నీ సదువు గూడ పనికొస్తది, పారేయకు,” అని నవ్వింది. ఆ శనివారం ఒక పుస్తకానికి పది నిమిషాలు తిరిగినవాళ్లకు ఆ తర్వాత నిమిషంలో దొరికేది. ఆ రోజు నుంచి ఆమె నాకు ఆండాలక్క అయింది.

తర్వాతి నెలంతా నన్ను టేబుళ్ల దగ్గరే తిప్పింది. ఆమె దగ్గర ఒక పొడుగు నోటుబుక్కు ఉంది. టేబుల్ మీద ఎవరైనా వదిలేసిన పుస్తకాన్ని రాకులో పెట్టేముందు అందులో ఆ పుస్తకం పేరుకెదురుగా ఒక గీత గీస్తుంది. గీతలు ఎక్కువున్న పుస్తకం ఇంకా రెండు కాపీలు తెప్పించాలి. ఏడాదిగా ఒక్క గీతా లేని పుస్తకాన్ని పై అరకు ఎక్కించి జాగా ఖాళీ చేయాలి. ఇంతే. ఈ ఇంతే అన్న పనితో మా హాలుకు వచ్చేవాళ్లు ఏడాదిలో రెట్టింపయ్యారు. పై ఆఫీసుకు ఆ సంగతి తెలిసింది. మీటింగులో ఆఫీసరు సారు “ఈ టేబుల్ నోటు ఐడియా ఎవరిది?” అని అడిగారు.

“నాదే సార్,” అన్నాను.

నోరు జారిందని చెప్పను. జారలేదు, తెలిసే అన్నాను. శాలువా కప్పారు, ప్రశంసాపత్రం ఇచ్చారు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. ఫోటో చూసి ఆండాలక్క “శాల్వా మంచిగుంది మేడం” అని ఊరుకుంది.

ఆ అబద్ధం ఏం చేసిందో కొన్ని నెలలు తిరిగాక తెలిసింది. పై ఆఫీసు నుంచి స్టాక్ వెరిఫికేషన్ ఆర్డరు వచ్చింది. అంటే రిజిస్టర్లలో రాసి ఉన్న ప్రతి పుస్తకమూ రాకులో నిజంగా ఉందా లేదా చూసి టిక్కు పెట్టాలి. మా దగ్గర పద్దెనిమిది వేల పైచిలుకు పుస్తకాలు, ఆరు లావుపాటి రిజిస్టర్లు. ఆ పని కొత్త కాదు. కొత్తది ఏమిటంటే, ఎవరి రాకులు వాళ్లవి, ఎవరి పట్టిక వాళ్లది, రోజూ సాయంత్రం ఎవరెన్ని చూశారో వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. ప్రతి లైబ్రరీలోనూ ఔట్‌సోర్సింగ్ వాళ్లలో తక్కువ చేసినవాళ్ల పేరు వచ్చే లిస్టులో ఉండదు. మా దగ్గరైతే ఆండాలక్కో నరేషో, ఇద్దరిలో ఒకరు పోవాలి.

నేను ఆఫీసరు సారుకు ఫోన్ చేశాను. “సార్, ఆండాలమ్మ చేసే పని ఈ పట్టికలో కనపడదు.”

“ఏం పనమ్మా? రాకులు సర్దింది మీరు. టేబుల్ నోటు మీ ఐడియా. మీ రిపోర్టులోనే ఉంది. ఆమె ఊడుస్తుంది. ఇంకేం చేస్తుంది?”

నా శాలువాతోనే ఆమె గొంతుకు ఉరి బిగించానని అప్పుడర్థమైంది. అయినా ఆ క్షణంలో నిజం చెప్పానా? చెప్పలేదు. ప్రొబేషన్ ముగియడానికి రెండు నెలలుంది. ఫోన్ పెట్టేశాను.

మూడు రోజులు ఎవరికి వాళ్లం పనిచేశాం. మంచిగా నడుస్తున్న లైబ్రరీ మూడు రోజుల్లో ఎలా నాశనమవుతుందో కళ్లారా చూశాను. రాకులో పుస్తకాలు రిజిస్టరు వరుసలో ఉండవు కదా. ప్రతి పుస్తకానికీ నంబరు చూసుకోవాలి, రిజిస్టరు దగ్గరికి నడవాలి, టిక్కు పెట్టి మళ్లీ రాకు దగ్గరికి రావాలి. తీరా చూస్తే ముగ్గురికీ ఒకేసారి అదే రిజిస్టరు కావాలి. రోజుకు నేను రెండు వందలు, నరేష్ రెండు వందల నలభై, ఆండాలక్క తొంభై. ఆమెకెందుకు తక్కువంటే, పాఠకుడు పిలిస్తే ఆమె ఒక్కతే లేచి వెళ్లేది. టేబుళ్ల మీద పుస్తకాలు కుప్పలు పడ్డాయి. వాటిని తీస్తే పట్టికలో అంకె పెరగదు కాబట్టి నేనూ నరేషూ ముట్టుకోలేదు. “ఏంటి మేడం, మీలో మీకు మాటల్లేవా?” అని ఒక అమ్మాయి అడిగేసింది.

మూడో రోజు నాలుగో నంబరు రిజిస్టరు కనపడలేదు. అందరం వెతికాం. సాయంత్రం నాలుగింటికి నేను వెనక రాకుల మధ్య ఉంటే అవతల వైపు నుంచి మాటలు వినిపించాయి.

“నీ టేబుల్ కింద ఊడ్వంగ దొరికింది నరేషూ. మేడంకు చెప్పలే. గీ పని మాత్రం మళ్ల చెయ్యకు.”

నరేష్ ఏడుస్తున్నాడు. “అక్కా, ఇంట్ల మా స్వర్ణకు ఏడో నెల. ఈ టైంల నౌకరి పోతే ఎట్ల? నాకు భయమైతుందక్కా.”

“నాకైతలేదా?” అంది ఆండాలక్క. “మహేశ్వర్‌కు మోకాళ్లు పోయినయ్. గొర్లమ్మినం. నేను తెచ్చేదే తిండి. నాకు భయం గాదా?”

ఇక చాలు అనిపించింది. నా మీద నాకు అసహ్యం వేసింది. రాకు చుట్టూ తిరిగి వాళ్ల ముందుకు వెళ్లాను. “ఆండాలక్కా, టేబుల్ నోటు నాదని మీటింగులో చెప్పింది నేనే. అందుకే నీ కాలమ్‌లో అంకె తక్కువుంది,” అన్నాను.

“తెల్సు. శాల్వా కప్పుకున్న నాడే తెల్సు.”

“మరి నన్నెందుకు అడగలేదు?”

“అడిగితే ఇచ్చేది నాకెందుకు? నీయంతట నువ్వు ఇయ్యాలె.”

“కోపం రాలేదా అక్కా?”

“ఎందుకు రాదు? వారం దినాలు నీ టేబుల్ తుడవలే. నువ్వు సూసుకోనే లేదు!”

నరేష్ ఏడుపులోంచే ఫక్కున నవ్వాడు. నేను అప్పటికప్పుడే కూర్చుని పై ఆఫీసుకు లెటరు రాశాను. రాకుల సర్దుబాటు, టేబుల్ నోటు ఆండాలమ్మవి, నాకిచ్చిన ప్రశంస తప్పు మనిషికి వెళ్లింది అని సంతకం పెట్టి పంపాను. మరునాటి నుంచి మా లైబ్రరీలో ఎవరి రాకులు వాళ్లవి అన్నది ఖతం.

ఆ మూడు రోజుల లెక్క కొట్టేసి, గ్రూపులో అంకెలు పెట్టడం మానేసి, సాంసన్ సారు ఆండాలక్కకు నేర్పిన పద్ధతిలో మొదటి నుంచి దిగాం. ఆండాలక్క రాకు ముందు నిలబడి ఒక్కో పుస్తకాన్నీ వంచి నంబరు పైకి చదువుతుంది. ఆరు రిజిస్టర్లూ ముందు పరుచుకుని నరేష్ టిక్కు పెడతాడు. తప్పుచోట ఉన్నదాన్ని, చిరిగినదాన్ని నేను పక్కకు తీస్తాను. పాఠకుడు పిలిస్తే నంబరు ఆపి ముగ్గురిలో దగ్గరున్నవాళ్లు వెళ్తాం. మొదటి రోజే పన్నెండు వందలు దాటాం. పదిహేను రోజులకు పద్దెనిమిది వేల నాలుగు వందల పన్నెండు పుస్తకాలూ తేలాయి. మిగతా లైబ్రరీలు అప్పటికి సగంలో ఉన్నాయి.

అంతా అయ్యాక పట్టికలు నింపాలి. “ఎవరివెన్ని రాయాలె మేడం?” అన్నాడు నరేష్.

“మూడుకు భాగించి సమానంగా రాద్దాం,” అన్నాను.

“అబద్ధం రాయొద్దు. ఒకపారి రాసింది సాలు,” అంది ఆండాలక్క. మొహాన కొట్టినట్టే అంది, కొట్టించుకోవాల్సిందే నేను. “నేనొక్కదాన్ని ఎన్ని సూసిన? నంబరు సదివిన గని టిక్కు వెట్టలే. అంటే నేనొక్కదాన్ని చేసింది ఒక్కటి లేదు. సున్నా వెట్టు.”

నరేష్ పేరు నిలబడాలంటే ఆమె సున్నా చాలు, అయినా అతను తన పట్టిక ముందుకు లాక్కున్నాడు. “మరి నేను నంబరు సదవలే. నాది గూడ సున్ననే,” అన్నాడు.

నేనూ పెట్టాను. మూడు పట్టికల్లో మూడు సున్నాలు, కింద ‘కలిసి చేసినవి: 18,412’, మూడు సంతకాలు.

పట్టికలు పంపిన నాలుగో రోజు ఆఫీసరు సారు కారేసుకుని వచ్చారు. హాలు నిండా పిల్లలు చదువుకుంటున్నారు. కౌంటర్ మీద పట్టికలు విసిరి, “ఏమిటీ వేళాకోళం? ఎవరు తక్కువ చేశారో చెప్పండి,” అన్నారు. నరేష్‌ను అడిగారు. “సున్నా సార్,” అన్నాడు. నన్నడిగారు. “సున్నా సార్.” అప్పుడు, నా లెటరు ఊసే ఎత్తకుండా, ఆండాలక్క వైపు తిరిగారు.

“నీ చదువెంత?”

“ఏడు సార్.”

“ఈ మేడం లేకపోతే నువ్వేం చేయగలవమ్మా?”

“ఈ మేడం లేకుంటే ఇంకో మేడం వస్తది సార్. ఆమెకు గూడ నేర్పుత.”

హాల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. సారు మొహం కందిపోయింది. “ముగ్గురూ పని చేయలేదని రాసుకోమంటారా?” అని నా మీద గుడ్లురిమారు.

“రాసుకోండి సార్. ఎవరూ చేయకుండానే పద్దెనిమిది వేల పుస్తకాల లెక్క తేలిందని కూడా రాసుకోండి.”

“మీ ప్రొబేషన్ ఫైలు నా టేబుల్ మీదే ఉంది. గుర్తుందా?”

అబద్ధం ఎందుకు, భయం వేసింది. “గుర్తుంది సార్. ఆమె తక్కువని నా చేత్తో మాత్రం రాయను,” అన్నాను. ఆయన పట్టికలు తీసుకుని వెళ్లిపోయారు.

నెల తర్వాత ఏజెన్సీ లిస్టు వచ్చింది. మూడు సున్నాల్లో తక్కువేదో తేల్చడం ఎవరి వల్లా కాలేదు కాబోలు, నరేష్ పేరుంది, ఆండాలక్క పేరుంది. అదే కవరులో నాకో కాగితం. వ్యక్తిగత పనితీరు నమోదు కానందున ప్రొబేషన్ ఆరు నెలలు పొడిగించడమైనది. ఫోన్లో నాన్న అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. “ఊడ్చే ఆమె కోసం నౌకరి మీదికి తెచ్చుకుంటవా?” అన్నాడు. “నాకు నౌకరి చేయడం నేర్పింది ఆమే నాన్నా,” అని పెట్టేశాను. పెట్టేసి, కౌంటర్ వెనక కూర్చుని ఏడ్చాను. ఫస్టు వచ్చినదాన్ని. నా బ్యాచ్‌లో అందరికీ పక్కా అయింది, నాకు కాలేదు.

నరేష్ ఆమెకు చెప్పేసినట్టున్నాడు. ఆండాలక్క వచ్చి నా ముందు నిలబడింది. ఆ కాగితం తీసుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చివరి దాకా చదివింది. అయ్యో అంటుందనుకున్నాను, నీకు రుణపడ్డానంటుందేమోనని భయపడ్డాను కూడా. కాగితం మడిచి నా చేతిలో పెట్టింది.

“ఆర్నెల్లేనా?” అంది. “మంచిగైంది. మా సాంసన్ సారు నన్ను రెండేండ్లు తిప్పిండు. నీకు ఇంకా జిగురు కలుపుడే సక్కగ రాదు. లే, మొఖం కడుక్కో. మూడో టేబుల్ మీద బుక్కులు పడున్నయ్, తియ్యి.”